తాడు పట్టిన చెయ్యి

గుట్ట అంచున బోర్లా పడుకుని వనజ ఫోనులో వీడియో తీస్తోంది. ఆమెకు నాలుగు బారల వెనక, తుమికి చెట్టుకు రెండు చుట్లు తిప్పిన తాడు పట్టుకుని అన్న జంపయ్య కూర్చున్నాడు. ఆ తాడు రెండో కొసన, ఎనిమిది నిలువుల లోతున, తేనెపట్టు ముందర ఆమె భర్త భద్రయ్య వేలాడుతున్నాడు.

“తాడు వదలకన్నా.”

“వదల్లేదే. పట్టుకొనే ఉన్న.”

“రెండు చేతులతోటి పట్టుకో.”

“నాకు ఉన్నయే రెండు చేతులు. రెండూ తాడు మీదనే ఉన్నయ్. ఎన్నిసార్లు చెప్తవ్? నీ ఫోను నువ్వు చూస్కో.”

“చూస్తనే ఉన్న. వీడియో సక్కగ వస్తలేదు.”

“పదేండ్ల సంది ఈ తాడు పట్టేది నేనే గదా. ఎన్నడన్న జారిందా?”

“జారలే.”

“మరి? ఇయ్యాల కొత్తగ భయమేంది నీకు?”

“ఇయ్యాల పగలు గదన్నా. పగటీలి ఈగలకు మనిషి కనపడుతడు.”

“ఆ ముచ్చట నాకు చెప్తున్నవా? మొత్తుకున్నదే నేను. అమాస చీకట్ల తీసే తేనెను ఎండెక్కినంక తీసుడేంది అని. వెలుతురు గావాలె, వెలుతురు గావాలె అని మొగుడు పెండ్లాలు ఇద్దరిదీ ఒక్కటే పాట.”

“చీకట్ల ఏం కనపడుతదన్నా? మొదటి మూడు సెకన్లల మనిషి గాలిల వేలాడుకుంట కనపడాలె. లేకుంటే వేలితోటి పైకి తోసి ఇంకోటి చూస్కుంటరు. మండలాఫీసుల ట్రైనింగ్ ఇచ్చిన మేడమ్ అదే చెప్పింది.”

“మేడమ్‌ను ఎన్నడన్న ఈగలు కుట్టినయా?”

“నవ్వియ్యకన్నా, ఫోను కింద పడతది.”

“నవ్వితే మంచిదే. నవ్వక ఎన్ని రోజులైందో. ఆగు, బీడీ అంటించుకుంట.”

“వద్దు! వద్దన్నా, బీడీ వద్దు.”

“ఒక్క చేత్తోటి అంటిస్తనే.”

“ఆయన పైకి వచ్చినంక తాగు. కట్ట మొత్తం తాగు. నేనేమనను. ఇప్పుడు వద్దు.”

“సరే తియ్యి. ఏందో, బావ మీద ఇంత పాణం పెట్టుకున్నవని నాకు ఎర్కలేదు. కింది నుంచి ఏమో ఒర్లుతుండు. ఏమంటుండు బావ?”

“మొఖం మంచిగ పడుతుందా అని అడుగుతుండు.”

“నవ్వమను.”

“ఈగల నడుమ ఎట్ల నవ్వుతడన్నా?”

“నువ్వు నవ్వుతవ్ గదా వీడియోల. ఆయనను గూడ నవ్వమను.”

“అట్ల మాట్లాడుతున్నవేంది? పొద్దున వచ్చిన కాడ్నుంచి చూస్తున్న. చాయ్ పోస్తే తాగలే. ఆయన పలకరిస్తే పలకలే.”

“నిన్న నీ పార్సిళ్లు తీస్కొని కొత్తగూడెం పోయిన.”

“అవ్. ఇచ్చినవ్ గదా అన్నీ? సీసాలు పగిలినయా?”

“పగలలే. ఇచ్చి, బస్టాండు కాడ చాయ్ తాగనీకి కూసున్న. పక్క బల్ల మీద బొగ్గు బాయి డ్యూటీ దిగిన మనిషి ఒకాయన ఫోను చూస్తుండు. ఆ ఫోన్లకెళ్ళి నీ గొంతు వినపడ్డది. ‘గుట్ట తేనె తిన్నరా అక్కలూ, అన్నలూ’ అని.”

“చూసినవా మరి! నేను చెప్పలే? బాయిల పనోళ్ళ దాంక పోయిందన్నట్టు.”

“నాకు సంబురమైంది. మా చెల్లె అని చెప్పిన. ఆయన ఫోను నా చేతికిచ్చిండు. చూసిన. మళ్ళ చూసిన. మళ్ళ చూసిన.”

“అంత మంచిగుందా?”

“సీసా మూత తీసి, తేనె ధార చూపియ్యనీకి చెయ్యి మీదికెత్తినవ్. జాకెట్ చెయ్యి పైకి జరిగింది.”

“పట్టు కోస్తుండు. చూడనియ్యి.”

“మోచెయ్యి పైన నల్లగ ఉంది. నాలుగు మచ్చలు. పక్క పక్కన.”

“డబ్బా మూత తగిలింది.”

“డబ్బా మూతకు వేళ్ళుంటయా?”

“తాడు చూస్కో అన్నా.”

“తాడు యాడికి పోదు. వీడియో కింద ఎవరో ఒకామె రాసింది. ‘అక్కా, మీ చేతికేమైంది’ అని. ఏడో తరగతి చదివినోన్ని, కూడబలుక్కొని చదివిన. ఇంటికి పోయి పొద్దుమూకినంక మా పిల్ల ఫోన్ల మళ్ళ చూస్తే ఆ మాట లేదు.”

“ఆమెనే తీసేసుకున్నదేమో.”

“ఆమెనే తీసేసుకున్నదా?”

“నేనే తీసిన. ఏమైతది తీస్తే? వ్యాపారమన్నంక అట్లనే ఉంటదన్నా. తేనె కోసం వచ్చినోళ్ళకు నా చేతితోటి ఏం పని? మంచి మాట పైన పెట్టాలె, పనికిరాని మాట తీసెయ్యాలె. మొన్న ఒకామె, తేనె గడ్డకట్టింది, ఇది చక్కెర పాకం అని రాసింది. అదీ తీసిన. ఇంకోతను, పట్టు కోస్తే ఈగలకు బాధ గాదా అని రాసిండు. అదీ తీసిన.”

“ఈగల బాధ అడిగిండా?”

“అవ్. హైదరాబాదాయన.”

“ఈగల బాధ గూడ అడిగేటోళ్ళున్నరు. మంచిదే. రోజూ తీస్తవా ఇట్ల?”

“రోజూ. పొద్దుమూకంగ, ఆయన ఇంటికి రాకముందు.”

“ఆయన రాకముందే ఎందుకు?”

“ఆ టైంకు నెట్ మంచిగుంటది.”

“వనజా.”

“ఏందన్నా?”

“ఇటు చూడు.”

“వీడియో తీస్తున్న గదా.”

“ఫోను పక్కన పెట్టి ఇటు చూడు.”

“పెడితే ఆయన అడుగుతడు. రెండు వారాల సంది కొత్త వీడియో లేదు. పెట్టకపోతే జనం మరిచిపోతరు. పద్దెనిమిది వేల మంది ఉన్నరన్నా మన పేజీల. ఒక్కొక్కరిని ఎట్ల జమ చేసిన్నో నాకు ఎర్క.”

“పద్దెనిమిది వేల మందిల ఒక్కామెకు కనపడ్డది నీ చెయ్యి. రెండో మనిషిని నేను. రేపు అమ్మ చూస్తే?”

“అమ్మ ఫోను చూడదు.”

“గుట్ట పక్కన పెట్టిన పొగ తగ్గినట్టుంది. ఈగలు లేస్తున్నయ్. ఇందాక ఏసిన పచ్చాకు అప్పుడే కాలిపోయిందా? పోయి ఇంకో మోపు ఏసొస్త.”

“వద్దు! నువ్వు లెవ్వకు. నేను పోత.”

“నువ్వు పోతే వీడియో ఎవలు తీస్తరు?”

“పోతే పోనియ్యి వీడియో. నువ్వు మాత్రం ఆడనే కూసో. తాడు మీది నుంచి చెయ్యి తియ్యకు.”

“ఇందాక పోయినప్పుడు ఏమన్న అయ్యిందా? చెట్టుకు రెండు చుట్లుంది. బావ కాళ్ళు గూడ బండ మీద ఆనుకొని ఉన్నయ్. బరువంత బండ మీదనే. నువ్వే గదా ఈడ ఉన్నది, చూస్తనే ఉంటివి.”

“చూస్తనే ఉన్న. అందుకే చెప్తున్న. పోకు.”

“సరే, పోను. నువ్వు గూడ పోకు. ఆ పొగ సాలు. కూసో. ఒకటి అడుగుత, చెప్పు. తేనె తీసేటప్పుడు తాడు ఎవలు పట్టాలె?”

“ఇప్పుడు అదెందుకు?”

“చెప్పరాదే. పాలు తాగిన నాటి సంది విన్నదే గదా.”

“పెండ్లాం తోడబుట్టినోళ్ళు పట్టాలె.”

“బావకు సొంత తమ్ముడున్నడు. నాకన్న బలంగుంటడు. ఆయనెందుకు పట్టొద్దు?”

“అన్న పోతే చేను తమ్మునికొస్తదని. ఏ గడియల ఏ బుద్ధి పుడతదో అని.”

“పెండ్లాం అన్నకు ఎందుకు పుట్టదు?”

“చెల్లె బొట్టు ఉన్నది గదా. చెల్లె బొట్టు తానే చెరపడని.”

“అవ్. చెల్లె కోసమే ఈ తాడు నా చేతిల పెట్టిండ్రు పెద్దలు. చెల్లె మంచిగుండాలె అనేటోడు తాడు వదలడు. అదే చెల్లెను కింద వేలాడేటోడు కొడితే? అప్పుడెట్ల అని పెద్దలు చెప్పిపోలే.”

“అన్నా! నీ కాళ్ళు మొక్కుత. తాడు పట్టుకొని ఆ మాటలు మాట్లాడకు.”

“అంటే కొట్టిండు.”

“నేను అన్లే ఆ మాట.”

“తాడు కదిలింది.”

“చూసిన. డబ్బా నిండినట్టుంది. ఒకటి… రెండు… మూడు. మూడుసార్లు గుంజిండు. లాగమంటుండు. లాగన్నా.”

“లాగుత. నువ్వు చెప్పినంక లాగుత.”

“ఏం చెప్పాలె?”

“ఎందుకు కొట్టిండు?”

“ఆయన పైకొచ్చినంక నువ్వే అడుగు.”

“ఆయన ముందట నువ్వు డబ్బా మూత అంటవ్. ఇప్పుడు చెప్పు.”

“అన్నా, ఈగలు ముసురుతున్నయ్ ఆయన మీద. చూడు ఎట్ల లేస్తున్నయో. మెడ మీద వాలినయ్.”

“దుప్పటి కప్పుకున్నడు. ఏం గాదు. చెప్పు.”

“నవ్వినందుకు.”

“ఏంది?”

“వీడియోల నవ్వినందుకు. నవ్వకుంటే ఎవ్వలు కొనరన్నా. మేడమ్ చెప్పింది, మొఖం చూపియ్యాలె, నవ్వాలె, అప్పుడే నమ్మకమొస్తది అని. నేను నవ్వుత. ఎవడో ఒకడు రాస్తడు, ‘తేనె కన్న నీ నవ్వే తియ్యగుంది’ అని. వాడు యాడుంటడో, ఎవడో, ఏం దేశమో నాకేం ఎర్క? ఈయన పొద్దుమూకి వచ్చి ఫోను చేతికిచ్చి కూసోపెడతడు. అందరు రాసినయ్ చదివి వినిపియ్యమంటడు. నేను చదువుతుంటే ఫోను చూడడన్నా, నా మొఖం చూస్తడు. లోపల్లోపల సంబురపడుతున్ననేమో అని.”

“అందుకే ఆయన రాకముందు తీసేస్తవ్.”

“అందుకే తీసేస్త. బియ్యం పొయ్యి మీద పెట్టి, పొయ్యి కాడనే కూసొని తీసేస్త. ఒక్కొక్కనాడు సిగ్నల్ రాదు. ఆ నాడు…”

“బంద్ పెట్టరాదే ఆ పేజీ!”

“బంద్ పెడితే ఊకుంటడా? ఒక వారం ఆర్డర్లు తగ్గితే, ‘మొఖం గట్ల మాడ్చుకుంటే ఎవడు కొంటడు, సక్కగ నవ్వరాదా’ అంటడు. నవ్వినా తప్పే. నవ్వకున్నా తప్పే.”

“ఎన్నిసార్లు కొట్టిండు?”

“మూడుసార్లు.”

“మూడేనా?”

“మూడుసార్లు గట్టిగ.”

“నాకెందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్పాలె? ప్రతి అమాసకు నువ్వే పడుతవ్ తాడు. నీకు చెప్పి, ఆయనను నీ తాడు మీద దింపాల్నా? చెప్పిన రోజు నుంచి ఈ తాడు ఎట్ల ఉంటది మన నడుమ?”

“తాడు మళ్ళ గుంజిండు.”

“బరువొచ్చింది అన్నా! కాళ్ళు బండ మీది నుంచి తీసిండు. ఇప్పుడు మొత్తం తాడు మీదనే ఉన్నడు. లాగు, జల్దీ లాగు.”

“నిన్న ఏమైంది?”

“నిన్న ఏం గాలే.”

“నిన్న ఏమైంది వనజా? పొద్దున నేను వచ్చేసరికి నీ కండ్లు ఉబ్బి ఉన్నయ్.”

“కొట్టలే నిన్న. నిజంగ కొట్టలే. నిమ్మలంగ చెప్పిండు. తిని, చెయ్యి కడుక్కొని, నా పక్కన కూసొని చెప్పిండు.”

“ఏమని?”

“రేపటి వీడియో లక్ష మంది చూడాలె అన్నడు. చూడకుంటే, వచ్చే అమాసకు నువ్వు దిగు అన్నడు. ఆడమనిషి గుట్టకు వేలాడి తేనె తీస్తే ఊరూరా చూస్తరు, లక్ష గాదు పది లక్షలైతయ్ అన్నడు. ఈగల నడుమ నవ్వుదువుగని అన్నడు.”

“మన ఇండ్లల్ల ఆడోళ్ళు తాడు ముట్టనే ముట్టరు. దిగుడేంది? ఎవడు పట్టుకుంటడు నీకు తాడు?”

“నేనూ అదే అడిగిన.”

“ఏమన్నడు?”

“నేనే పట్టుకుంట గదా అన్నడు. అని నవ్విండు. అన్నా, గట్టిగ పట్టుకో. లాగు ఇగ. అంత చెప్పిన గదా. లాగు.”

“ఒక్క మాట చెప్పు చెల్లె. ఒక్కటే. నువ్వేమంటే అది. లాగాల్నా, వద్దా?”

“…”

“చెప్పు.”

“…”

“వనజా.”

“లాగు.”

“ఆగినవ్ నువ్వు.”

“లాగమన్న గదా!”

“అన్నవ్. అనేముందు ఆగినవ్. కింది నుంచి ఆయన రెండుసార్లు ఒర్లిండు, అంతసేపు ఆగినవ్.”

“భయమేసి ఆగిన.”

“ఆయనంటెనా?”

“కాదు.”

“నేనంటెనా?”

“నేనంటే నాకే. నన్ను ఏమనకన్నా. మంచిగ పట్టుకొని లాగు, నీకు దండం పెడుత. పైకి వచ్చినంక ఏమన్న కానియ్యి. కొడితే కొట్టు ఆయన్ను. పంచాయతీ పెడితే పెట్టు. పోలీస్ స్టేషన్‌కు పోదమంటే నేను ముందల నడుస్త. ఈడ మాత్రం వద్దు. ఈ గుట్ట మీద వద్దు.”

“పోదం. ఇయ్యాలనే పోదం. పైకి తీస్కొచ్చి, తేనె డబ్బా ఈడనే పెట్టి, ముగ్గురం అటే పోదం. ఏడ్వకు. ఇటు చూడు, భయపడకు. బావకు ఏం గాదు.”

“ఏం గాదని ఎట్ల చెప్తవ్?”

“చెప్పొద్దనుకున్న. సిగ్గు పని. నిన్న ఆ చెయ్యి చూసిన కాడ్నుంచి నాకు నిద్ర లేదు. పొద్దున తాడు భుజానేసుకొని వస్తుంటే అనుకున్న, ఇయ్యాల నా చేతుల్ని నమ్మొద్దు అని. నా చేతులు నాయి గావు ఇయ్యాల అని. అందుకే బావ దిగి పట్టు కాడ ఆగినంక, నువ్వు అంచు కాడికి పోయి ఫోను తీస్కున్నంక, తాడు కొస చెట్టుకు ముడేసిన. అవతల దిక్కు, మొదలు కాడ. మా తాత బతికుంటే నా మొఖాన ఉమ్మేస్తుండె. తాడు చెట్టుకు కట్టినోన్ని ఇగ ఎవ్వలూ తాడు పట్టనియ్యరు. పోనియ్యి. నా చేతులకు ఏ బుద్ధి పుట్టినా చెట్టుకు పుట్టదు గదా. నేను పట్టుకున్నా పట్టుకోకున్నా బావ ఆడనే ఉంటడు. ఇగో చూడు, వదిలి చూపిస్త, నీ భయం పోతది…”

“వదలకు! వదలకన్నా! ముడి లేదు. నువ్వు పొగకు ఆకు ఎయ్యనీకి పోయినప్పుడు నేనే విప్పిన.”